పంటితీగెల వెనుక

ఇరువది సంవత్సరముల క్రిందట మా కనిగిరి ప్రాంతమున పండ్లకు తీగె కట్టించుకొన్న బిడ్డ కనబడుట యరుదు. ఎత్తుపండ్లు గలవారు ఎత్తుపండ్లతోనే పెరిగి, వానితోనే పెండ్లియాడి, మనుమల నెత్తుకొని హాయిగా నవ్వుచుండిరి. ఇప్పుడు నేను పాఠము చెప్పు తొమ్మిదవ తరగతిలోనే నలుగురు పిల్లలకు తీగెలున్నవి. మా యింట నా కుమార్తెకును ఉన్నవి. ఇంగ్లీషున వీనికి బ్రేసులని పేరు. మనవారు క్లిప్పులందురు. నేను సంస్కృతాభిమానముచేత ‘దంతబంధనము’ అని యొక పేరు కల్పించి చూచితిని గాని మా అమ్మాయి పకాలున నవ్వినది. కావున జనవ్యవహారమునే యనుసరించి క్లిప్పులనియే వ్రాయుచున్నాను.

క్లిప్పులు పెట్టించుట వట్టి వ్యర్థమని చెప్పువారిలో నేను చేరను. పలువరుస దిద్దుట కేవలము అలంకారము గాదు. ఒకదానిపై నొకటి యెక్కిన పండ్ల సందున బ్రష్షు పోదు. ముందునకు పొడుచుకొని వచ్చిన పండ్లు, పిల్లవాడు సైకిలుమీదినుండి పడినపుడు అన్నిటికంటె ముందుగా విఱుగును. కొందఱికి పైపండ్లును క్రిందిపండ్లును కలియక కొఱుకుటయే కష్టము. ఈ విద్య క్రొత్తదియు గాదు. ఫ్రాన్సు దేశమున పియెర్ ఫోషార్ 1728లో ప్రకటించిన దంతవైద్యగ్రంథమునందే వంకరపండ్లను లోహపు పట్టీతో దిద్దు విధము గలదు. అమెరికా దేశస్థుడగు ఎడ్వర్డ్ ఆంగిల్ 1899లో ఈ వంకరలను మూడు తరగతులుగా విభజించి శాస్త్రమునకు త్రోవ వేసెను. ఆ కాలమున పంటికి పంటికి లోహపు కడియము తొడిగెడివారు. 1955లో మైకేల్ బ్యూనకోర్ అను దంతవైద్యుడు, పంటి పింగాణిని ఆమ్లముతో కొంచెము గరుకు చేసినయెడల దానిపై జిగురు గట్టిగా నంటునని కనుగొనెను. ఆ యుపాయము నాధారముగా గొనియే నేడు చిన్నచిన్న చదరపు బిళ్లలను పంటి ముఖమున నేరుగా నంటించుచున్నారు. బిళ్ల గాడిలో తీగె కూర్చుండును. తీగె జారిపోకుండ పైన రబ్బరు ఉంగరము బిగింతురు. తీగె లాగుచుండగా పంటికి ఒకవైపున ఒత్తిడి కలిగి అచ్చటి యెముక కరగును. రెండవవైపున క్రొత్త యెముక చేరును. ఇట్లు పన్ను నెలకు రమారమి ఒక మిల్లీమీటరు జరుగును. ఏడాదిన్నర, రెండేండ్లు పట్టుటకు కారణ మిదియే. తొందరపెట్టిన లాభము లేదు.

నా మాట యంతయు ఆ రెండేండ్లను గూర్చినది. వంకర తీర్చుట వైద్యుని పని. తీర్చుచున్నంత కాలము పంటిని, చిగురును కాపాడుట యింటివారి పని. మొదటిదానికి పదుల వేల రూపాయలు వెచ్చించుచున్నాము; వాయిదాలపై కట్టుచున్నాము; రెండవదానికి రాత్రివేళ పది నిమిషము లిచ్చుటకు మనసొప్పుట లేదు. తీగె పెట్టించినంతనే పని యైపోయినదని చాలమంది తల్లిదండ్రుల నమ్మకము. నిజమునకు పని మొదలైనది అప్పుడే.

పాచి యను మాట మనకు ఉగ్గుపాలనాటినుండి తెలిసినదే. పాచినోరు, పాచిమొగము, పాచిపని యని దినమునకు పదిసార్లందుము. నిలువనీటి మెట్లపై పట్టుదానికిని పంటిపై పట్టుదానికిని ఒక్కటే పేరు పెట్టిన మన పూర్వుల చూపు మెచ్చదగినది. ఏలయన రెండును ప్రాణము గలవే. హాలెండు దేశమున బట్టల వర్తకుడగు లేవెన్‌హుక్ 1683లో తన పంటిసందులలోని తెల్లని పదార్థమును తాను చేసికొన్న సూక్ష్మదర్శినితో చూచి, అందు చిత్రవిచిత్రముగా కదలాడు ప్రాణులు గలవని లండనులోని రాయల్ సొసైటీకి జాబు వ్రాసెను. ఆయన యశ్రద్ధపరుడు గాడు సుమా! ప్రతి యుదయమున ఉప్పుతో పండ్లు రుద్దుకొనెడివాడు, మన తాతలవలెనే. అంత రుద్దినను సందులలో పాచి మిగిలినది. క్లిప్పులు లేని నోటనే ఇట్లుండగా, బిళ్లలు, తీగెలు, రబ్బరు ఉంగరములతో నిండిన నోటి సంగతి చెప్పనేల?

ఈ సూక్ష్మప్రాణులు మనము తిన్న తీపిని తాము తిని యామ్లమును విడుచును. ఆ పులుపు ఒక హద్దును దాటినపుడు, అనగా పి.హెచ్. సుమారు 5.5కు దిగినపుడు, పింగాణిలోని సున్నపుసారము కరగ నారంభించును. పిమ్మట లాలాజలము పులుపును విఱిచి, పోయినదానిని కొంతకు కొంత తిరిగి చేర్చును. ఈ కరగుట, ఈ చేరుట దినమెల్ల జరుగుచునే యుండును. మామూలు పంటిని నాలుకయు పెదవియు బుగ్గయు విరామము లేక తుడుచుచుండును. క్లిప్పు గల పంటిమీద బిళ్లచుట్టును తీగెక్రిందను వీనిలో దేనికిని ప్రవేశము లేదు. ముఖ్యముగా బిళ్లకును చిగురుకును నడుమ మిగిలిన ఆ సన్నని యొడ్డు మిక్కిలి ప్రమాదమైన చోటు. అశ్రద్ధ చేసినచో నొక్క నెలలోనే అచ్చట సుద్దముక్కతో గీచినట్లు తెల్లని మచ్చ యేర్పడవచ్చును. అది పిప్పిపంటికి తొలిమెట్టు. వేళకు పట్టుకొన్నచో అచ్చటనే ఆగును. కాని పూర్తిగా మాసిపోవునని పూచీ పడలేము.

మా ప్రాంతమువారికి పంటిమచ్చ యనగానే వేఱొక సంగతి తలపునకు వచ్చును. నీటిలోని ఫ్లోరైడువలన పండ్లును ఎముకలును చెడు వ్యాధిని వైద్యులు 1937లో మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో గుర్తించి ప్రకటించిరి. మా కనిగిరి ఆనాడు నెల్లూరు జిల్లాలోనిదే. తెలంగాణమున నల్లగొండవారికిని ఈ కష్టము చిరపరిచితము. అందుచేత మాయొద్ద రెండు పొరపాటుటూహలు పుట్టినవి. క్లిప్పుచుట్టు తెల్లమచ్చ కనబడగానే “ఇది నీళ్ళ మచ్చేలే” యని తేలికగా త్రోసివేయుట మొదటిది. నీటి మచ్చ పన్ను తయారగుచున్న పసితనముననే పడును. ఎడమ కుడి పండ్లపై ఇంచుమించు ఒక్కతీరున, అడ్డచారలుగనో, మబ్బుగనో, గోధుమవన్నెగనో యుండును. క్లిప్పు మచ్చ యట్లు గాదు. నిన్న లేక నేడు వచ్చును; బిళ్ల యంచును, చిగురు నొడ్డును పట్టుకొని యుండును. రెండవ యూహ: “మాకు నీళ్ళలో ఉన్న ఫ్లోరైడే చాలు, మళ్ళీ పేస్టులో కూడానా?” యనుట. త్రాగునీటిని గూర్చిన భయము న్యాయమైనదే. దాని నెన్నటికిని తక్కువ చేయరాదు. కాని ముందుపండ్ల పింగాణి సుమారు ఎనిమిదవ యేటికి లోపలనే తయారగును. పదమూడేండ్ల పిల్ల పేస్టుతో తోముకొని యుమ్మివేసినందున క్రొత్తగా నీటి మచ్చ పడదు. మ్రింగినది లోనికి పోవును; పంటికి పూసి యుమ్మినది పంటిపై పనిచేసి, కరగిన సారము తిరిగి చేరుటకు తోడ్పడును. ఈ భేదమును తరగతిలో నల్లబల్లపై బొమ్మ వేసి చెప్పినపుడు, పిల్లలకంటె ముందుగా వారిని దింపుటకు వచ్చిన తల్లులు గ్రహించిరి.

ఇక చిగుళ్ల మాట. ఇచ్చట మన యిండ్లలో పాతుకొనిపోయిన యొక విశ్వాసమును గూర్చి కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది. క్లిప్పులు పెట్టిన రెండు నెలలకు మా అమ్మాయి తోముకొని యుమ్మినపుడు నెత్తురు కనబడినది. మా అమ్మగారు చూచిరి. ఆమెకు డెబ్బదియైదేండ్లు, మనుమరాలన్న ప్రాణము.

“రక్తం కారుతుంటే ఇంకా తోమమంటావేమిరా? రెండు రోజులు ఊరుకోనీ పిల్లని.”

“ఊరుకుంటే ఇంకా కారుతుందమ్మా.”

“నువ్వు బడిపంతులువా, పళ్ళ డాక్టరువా?”

లోకమంతయు మా అమ్మగారి పక్షమే. పుండు తాకిన నొప్పి, కావున తాకవద్దు, ఇది లోకన్యాయము. చిగురు విషయమున నీ న్యాయము తలక్రిందగును. డెన్మార్కు దేశమున హెరాల్డ్ లో అను పండితుడును ఆయన సహచరులును 1965లో ఒక ప్రయోగమును ప్రకటించిరి. చిగుళ్లు చక్కగా నున్న 12 మంది పండ్లు తోముకొనుట మానివేసిరి. పది మొదలు ఇరువదియొక్క దినములలో అందఱి చిగుళ్లును వాచెను. తిరిగి తోముకొన నారంభింపగా వారము దినములకే యథాస్థితికి వచ్చెను. ఇంతకంటె తేటయైన పాఠము నా పాతికేండ్ల యుపాధ్యాయత్వమున నేనొక్కటియు చెప్పియుండలేదు. నెత్తురు వచ్చుట బ్రష్షు చేసిన గాయము గాదు; పాచి నిలిచిన చోట చిగురు పెట్టు మొఱ. మానితిమా, పాచి దట్టమగును, చిగురు ఉబ్బి బిళ్లపైకి ప్రాకును, బ్రష్షు మఱింత పోదు. ఒకదాని నొకటి పెంచుకొనుచు పోవును.

ఆ రాత్రినుండి మెత్తని బ్రష్షుతో, చిగురు నొడ్డున, మెల్లగా, మానక తోమించితిమి. మా అమ్మగారి తృప్తికొఱకు గోరువెచ్చని యుప్పునీటితో పుక్కిలింపజేసితిమి; దానివలన హాని లేదు. ఎనిమిది దినములకు నెత్తురు తగ్గెను. అది యుప్పునీటి మహిమ యని ఆమె యనిరి. నేను వాదింపలేదు. అయితే రెండు వారములు శ్రద్ధగా తోమినను తగ్గని నెత్తురును, బిళ్లను కప్పునంతటి వాపును ఇంటిలో నుంచుకొనరాదు. వెంటనే వైద్యునికి చూపవలెను.

మన యాచారమున నొక చిక్కున్నది. దంతధావనము మనకు ప్రాతఃకాలపు శుద్ధి. పాచినోట కాఫీ త్రాగరాదు, దేవుని పేరెత్తరాదు. కావున లేచిన వెంటనే తోముదుము. అది మంచిదే. కాని పగలంతయు తిన్నది నోటనే యుంచుకొని నిద్రించుటకు మాత్రము మన కభ్యంతరము లేదు! నిద్రలో లాలాజలము మిక్కిలి తగ్గిపోవును. పులుపును విఱుచు కాపరి లేని ఏడెనిమిది గంటలు పాచికి పెత్తనము. పూర్వు లీ సంగతి నెఱుగరని యనుకొనకుడు. చరకసంహిత దంతపవనమును రెండు వేళల చేయుమన్నది. వాగ్భటుడు అష్టాంగహృదయమున ప్రాతఃకాలమునను భోజనానంతరమునను, మెత్తని కొన గల పుల్లతో, చిగుళ్లకు బాధ కలుగకుండ తోముకొనుమని విధించెను. రెండవ వేళను మనము ఎప్పుడో జార విడిచితిమి. మొదటి వేళను మాత్రము మడితో కలిపి కట్టుకొంటిమి. శాస్త్రము శాస్త్రమని గొంతెత్తువారు ఈ సగము శాస్త్రమును ఏల మఱచిరో నాకు బోధపడదు.

పుల్ల మాట వచ్చినది గనుక ఒక మాట. వేపపుల్లపై నాకు గౌరవము గలదు. సుశ్రుతుడంతటివాడు చేదుచెట్లలో వేపను, వగరుచెట్లలో చండ్రను మేలుగా నెంచెను. నా మట్టుకు నేను సెలవులలో వేపపుల్లయే నములుదును. కాని క్లిప్పులున్న నోటికది తగదు. తీగెక్రిందికి దూరదు, బిళ్లను మాత్రము పెకలించును. కచ్చికపొడి, బొగ్గుపొడి, ఇసుకవలె గరగరలాడు పండ్లపొడులు తీగెలలో చిక్కుకొని కూర్చుండును, పింగాణిని అరగదీయును. కావున ఆ రెండేండ్లు వానికి సెలవు.

మా యింట రాత్రి జరుగు పద్ధతి వ్రాసెదను. ఇందు గొప్ప యేమియు లేదు, ఎవ్వరైన చేయవచ్చును. భోజనమైన పిదప మంచి దీపము క్రింద, అద్దము ముందు పిల్ల నిలుచును. ముందుగా నీటితో గట్టిగా పుక్కిలించి మెతుకులు, కరివేపాకు తునకలు పోగొట్టుకొనును. తరువాత సీసాలు కడుగు కుంచెవంటి అతిసన్నని సందుబ్రష్షును తీగెక్రిందుగా దూర్చి, రెండు బిళ్లల నడుమ పైకి క్రిందికి నాలుగైదు మారులు కదపును. పిదప పెద్ద బ్రష్షు. క్లిప్పులవారి కొఱకు నడుమ వెండ్రుకలు పొట్టిగా, అంచులు పొడవుగా నుండు బ్రష్షు లమ్ముదురు. అది దొరకనిచో మెత్తని మామూలు బ్రష్షు చాలును. తీగెకు పైభాగమున బ్రష్షును క్రిందికి వంచియు, క్రిందిభాగమున పైకి వంచియు రెండు మారులు పోనిచ్చి, చిగురు నొడ్డున కొంచెము ఏటవాలుగా నానించి సన్నసన్నగా కదపవలెను. తీగెను చూచిన సంభ్రమమున లోపలివైపును నములు తలమును మఱచువారే యెక్కువ. మా అమ్మాయియు మఱచుచుండెడిది. చివరకు దారము. పండ్ల నడుమ దారము పోనీయుటకు తీగె యడ్డము. కావున మెత్తని ప్లాస్టికు సూదికి దారమెక్కించి తీగెక్రిందనుండి లాగి, ప్రతి సందున నెమ్మదిగా దింపవలెను. మొదటి వారము ఈ దారముతో అరగంట పట్టినది, కన్నీరును వచ్చినది. ఇప్పుడు అంతయు కలిసి పది పన్నెండు నిమిషములు. ఫ్లోరైడు పేస్టు నురుగును ఉమ్మివేసి, మరల చెంబెడు నీటితో కడిగివేయకుండుట మేలు. పంటిపై కొంత నిలువవలెను. ఆ తరువాత ఉదయమువఱకు మంచినీరు తప్ప మఱేమియు నోట పడరాదు.

చిగుళ్లు వాచినవని అంగడికి పోయి పుక్కిలిమందు కొనితెచ్చువారున్నారు. క్లోరెక్సిడిన్ అను మందు మంచిదే, వైద్యుడు చెప్పినన్ని దినములు మాత్రమే. మానక వాడిన పండ్లు గోధుమవన్నె తిరుగును. తీగె కొన బుగ్గకు గ్రుచ్చుకొని పుండు పడినచో, దంతవైద్యు లిచ్చు మైనమును బఠాణిగింజంత యుండచేసి ఆ కొనకు అద్దిన చాలును.

మన వంటయింటికి ప్రత్యేకమైన యొక చిక్కును ఏ ఇంగ్లీషు పుస్తకమునను నేను చూడలేదు. పసుపు! తెల్లగానో స్వచ్ఛముగానో యుండు రబ్బరు ఉంగరములు రెండు పూటలు పప్పు, పులుసు తినినంతనే పచ్చబడును. పిల్లలు దానిని మురికి యని సిగ్గుపడి, ఆ ఉంగరములనే అరిగిపోవునట్లు తోముదురు. చిగురు నొడ్డును మఱతురు. ఆ పచ్చదనము వట్టి రంగు. నెలనెలకు వైద్యుడు ఉంగరములను మార్చును. నీలిరంగువో బూడిదరంగువో వేయుమని యడిగిన ఆ బాధయు ఉండదు. పసుపు చూచి భయపడి పాచిని మఱచుట, నీడను కొట్టి దొంగను విడిచినట్లు.

తిండి విషయమున నిషేధముల పట్టీ వ్రాయ నాకిష్టము లేదు. పిల్లలకు పట్టీ చూపినచో దానినే కోరుదురు. చెరకును పండ్లతో చీల్చుట, పల్లీపట్టి, గట్టి చేగోడి, జీళ్లు, మాగాయ టెంక ఇవి బిళ్లలను ఊడబెఱుకును. జామకాయను ముందుపండ్లతో కొఱుకక కత్తితో చీలికలు చేసి దవడపండ్లతో నమిలిన దోషము లేదు. ములగకాడ నమిలిన పిప్పి తీగెకు చుట్టుకొనును. దానిని గిన్నె యంచున గీకి గుజ్జు తినుటయే నేర్పు. వీనికంటె ముఖ్యమైనది తీపి యెన్నిసార్లు అను ప్రశ్న. తీపి తిన్న కొన్ని నిమిషములలోనే పాచిలో పులుపు పెరిగి, అది తగ్గుటకు అరగంటయో అంతకు మించియో పట్టునని 1940ల నాడే స్టీఫెన్ అను శాస్త్రజ్ఞుడు కొలిచి చూపెను. కావున భోజనముతో ఒక సున్నుండ తిన్న బిడ్డకంటె, సాయంకాలమంతయు జేబులోని చాక్లెట్టు బిళ్లలను ఒక్కొక్కటిగా చప్పరించు బిడ్డ పండ్లకు హాని యెక్కువ. చక్కెర వేసిన టీని గంటసేపు గ్రుక్కగ్రుక్కగా త్రాగు పెద్దలకును ఇదియే వర్తించును.

ఇప్పుడు వ్రాయనా మాననా యని సందేహించిన సంగతికి వచ్చితిని. మా దగ్గఱి చుట్టములలో నొక యమ్మాయికి ఇరువదియొకటవ యేట క్లిప్పులు పెట్టించిరి. ఆమె కోరలేదు. పెండ్లిచూపులకు వచ్చిన యొకరు “పిల్ల బాగుంది కాని పళ్ళు కాస్త ఎత్తు” అని పోయిరి. మఱునాడే తల్లిదండ్రులు పట్నమునకు కొనిపోయిరి. ఆమె అప్పుడు వసతిగృహమున నుండి చదువుకొనుచుండెను. ఒక్క కుళాయివద్ద ఉదయమున పదిమంది వరుసలో నిలుచుచోట, సందుబ్రష్షు పట్టుకొని పది నిమిషము లద్దము ముందు నిలుచుటకు సిగ్గు. సెలవులకు ఇంటికి వచ్చినపుడు, “ఫోటోలో నోరు మూసుకో” అని తల్లి, “ఎంత లోపలికి పోయాయి?” అని తండ్రి. నెలనెల పంటి వంకర ఎంత తగ్గెనో అందఱును కొలిచిరి. చిగుళ్లు ఎట్లున్నవని ఒక్కరును అడుగలేదు. వైద్యుడు రెండు మారులు హెచ్చరించెనట. ఆ హెచ్చరిక పిల్లతో చెప్పి పంపెను, పిల్ల ఎవరితోను చెప్పలేదు. ముహూర్తము కుదిరినదని తొందరపెట్టి, ఏడాదిన్నరకు తీయించిరి.

పండ్లు తిన్నగా నున్నవి. ప్రతి పంటిమీదను, బిళ్ల యున్న చోటు స్వచ్ఛముగను, దానిచుట్టు తెల్లని చట్రముగను మచ్చలు నిలిచినవి. క్రిందిచిగురు రెండు చోట్ల వాచియున్నది. ఆమె నాతో నన్న మాట యిది: “వంకరగా ఉన్నప్పుడు అవి నా పళ్ళే కదా మామయ్యా. ఇప్పుడు గచ్చుమీద సున్నం చిందినట్టు, ఎవరివో పళ్ళలా ఉన్నాయి.”

తల్లి పిల్లను నిందించినది: బద్ధకమట. నేనొప్పను. తన కొఱకు గాక యితరుల కన్నుల కొఱకు పెట్టించిన వస్తువును ఎవ్వరు ప్రేమతో కడుగుదురు? దాచుకొనుమని చెప్పిన నోటిని, అద్దము ముందు తెఱచి చూచుకొనుట ఎవరు నేర్పిరి? పలువరుసను బేరపు వస్తువుగా చేసిన యింట పంటి యారోగ్యమునకు తావుండదు. క్లిప్పులు పెట్టింపదలచినచో పిల్లను కూర్చుండబెట్టి, ఇది నీకు కావలెనా, రెండేండ్లు ఈ శ్రమ పడగలవా, మేము నీకేమి సాయము చేయవలెను అని ముందుగా అడుగవలెను. కాదన్నచో మానవలెను. మగపిల్లవాని విషయమున మనమిట్లే యడుగుచున్నాము. వాడు తలయడ్డముగా త్రిప్పిన వదలివేయుచున్నాము. ఆ యమ్మాయికి దంతవైద్యురా లొకరు తరువాత ఫ్లోరైడు పూతలు వేసిరి. మచ్చలు కొంత తగ్గినవి. పూర్తిగా పోలేదు. పెండ్లి జరిగినది, ఆ వరుడు పంటిమచ్చలను చూచెనో లేదో యని తల్లి ఇప్పటికిని బెంగపడుచుండును గాని, పిల్ల మాత్రము ఇప్పుడు రాత్రులు తోముకొనుచున్నదట, తన కొఱకు.

మా బడిలో మధ్యాహ్నభోజనమైన పిదప క్లిప్పుల పిల్లలు చేయి యడ్డము పెట్టుకొని మాటలాడుటను నేను చాలనాళ్లు గమనించితిని. తీగెలలో మెతుకులు చిక్కుకొనును, ప్రక్కవారు నవ్వుదురు. కుళాయియున్నది గాని అద్దము లేదు. అద్దము లేనిదే తీగెలలో నేమున్నదో తెలియదు. కుళాయివద్ద గోడకు నొక అద్దము పెట్టింతుమని నేననగా, పెద్దలగు నొక సహోపాధ్యాయులు “ఆడపిల్లలకు బడిలో అద్దమేమిటండీ, ఇక పాఠాలు విన్నట్టే” యనిరి. నేను నా సొంత ఖర్చుతో మూరెడు అద్దము తెచ్చి బిగించితిని. ఆడపిల్లలు పుక్కిలించి, పండ్లు చూచుకొని పోవుచున్నారు. రోజంతయు దానిముందు నిలిచి క్రాపు దువ్వుకొనువారు మగపిల్లలు. ఆ సహోపాధ్యాయులును పోవుచు వచ్చుచు మీసము సవరించుకొనుచున్నారు.

మా అమ్మాయి క్లిప్పులు వచ్చు మాఘమాసమునకు తీయుదురు. వెంటనే స్వేచ్ఛ యని పిల్ల యనుకొన్నది. కాని జరిపిన పండ్లు పాతచోటికి పోవ జూచునట. కొంతకాలము రిటెయినరు పెట్టుకొనవలెను. క్రిందిపండ్లకు లోపలివైపున సన్నని తీగె నంటించి యుంచెదరు. ఆ లోపలివైపుననే గార త్వరగా పట్టును, లాలాజలము ఊరు ద్వారములు నాలుకక్రింద అచ్చటనే యుండుటచేత. “అది ఎప్పుడు తీస్తారండీ?” అని పిల్ల యడిగినది. వైద్యురాలు నవ్వి, “తొందరేం లేదమ్మా, ఏళ్ళతరబడి ఉంచుకోవచ్చు. ఉన్నన్నాళ్ళూ దారం దూర్చుకోవడమే” అనిరి. వచ్చునపుడు దారపు సూదుల పొట్లములు రెండు కొని తెచ్చితిమి.